గోడమీది ప్రేక్షకులు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము - ఈ మూడు పట్టణములలోను నేను ఉపాధ్యాయుడుగను, తుదకు ప్రధానోపాధ్యాయుడుగను పనిచేసితిని. బెంగుళూరునుండి ఉత్తరముగా పోవు రైలుమార్గమున ఇవి ఒకదాని తరువాత నొకటి వచ్చును. సమీపమున నున్న లేపాక్షి బసవన్న హిందూపురమునకును, విజయనగర రాజుల కోట పెనుకొండకును, పట్టుమగ్గములు ధర్మవరమునకును పేరు తెచ్చినవి. ఊరికిని ఊరికిని ఎంత భేదమున్నను, మూడు బడులలోను నాకొక చిక్కు మాత్రము సమానముగ నుండెను. అది బడిగోడ.

మైదానములో ఆట మొదలగుటయే తడవుగా పిల్లలు గోడనెక్కి, కాళ్ళు వ్రేలాడవేసికొని వరుసగా కూర్చుండి కేకలు వేయుచుండెడివారు. నేను పోయి వారిని గద్దించి క్రిందికి దింపుచుంటిని. "ఆడెడివారు ఆడుదురు. మీరు అరచినంతమాత్రమున బంతి కదలునా? ఆ కాలమున ఒక పద్యము కంఠస్థము చేసినచో మేలుగదా!" అని మందలించుచుంటిని. పిల్లలు తల వంచుకొని దిగెడివారు. నేను వెనుదిరిగినంతనే మరల ఎక్కెడివారు. చూచువారు ఏల అరతురు? ఈ ప్రశ్నకు ఉద్యోగమున నున్నంతకాలము నాకు సమాధానము దొరకలేదు. పదవీవిరమణానంతరము సముద్రములకు ఆవల, స్పెయిను దేశమున, బార్సిలోనా నగరమున దొరకెను.

నా కుమారుడు ఉద్యోగరీత్యా ఆ నగరమున కాపురముండెను. 2022 మార్చి నెలలో నేను వారి యింటికి పోయితిని. మనుమడు పదేండ్లవాడు. నన్ను చూచినంతనే "తాతా!" అని పరుగెత్తివచ్చి కౌగిలించుకొనెను. అంతవరకు బాగుగనే యుండెను. కాని ఆపై వాని తెలుగు రెండు మూడు మాటలకన్న ముందుకు సాగలేదు. బడిలో కాటలాన్ భాష; వీథిలో స్పానిష్; కంప్యూటరు ముందు ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ తెలుగు వానికి అన్నము, నీళ్ళు అడుగుటకు మాత్రమే మిగిలెను. నలువది ఏండ్లు తెలుగు చెప్పి బ్రదికిన నాకు ఆ సంగతి ముల్లువలె గ్రుచ్చుకొనెను.

మరునాడు పెట్టెనుండి పెద్దబాలశిక్ష తీసి వానిని పిలిచితిని. వాడు నీలము, ముదురెరుపు చారలుగల అంగీ తొడిగికొని వచ్చెను. అది ఆ యూరి ఫుట్‌బాలు జట్టు అంగీ. "తెలుగు పండితుని మనుమడవు! అక్షరము రాదు గాని, ఆటగాని అంగీ కావలెనా? విడిచి వచ్చి కూర్చుండుము" అంటిని. వాడు మారుమాట లేక అంగీ విడిచి, మడిచి లోపల దాచెను. ఆ దినము అచ్చులన్నియు దిద్దెను. కాని మరునాటినుండి నేనున్న గదిలోనికి వచ్చుట మానివేసెను. పిలిచిన వచ్చును; అడిగిన చెప్పును; తనంత తాను రాడు. పిల్లవాని మౌనము పెద్దవాని కోపముకన్న బరువైనదని నాకప్పుడు తెలిసినది.

మూడు వారములు గడచిన పిమ్మట నా కోడలు, "మామయ్యా! వాడు మీకు చూపవలెనని ఆశపడినది ఆ అంగీయే. ఒక్క పర్యాయము వానితో ఆటకు పోయి రండు" అనెను. ఆ మాటలో నింద లేదు గాని నాకు బుద్ధి వచ్చెను. "పోవుదము" అని వానితో చెప్పితిని. వాడు నమ్మలేనట్లు నా ముఖము చూచి, లోపలికి పరుగెత్తి ఆ అంగీతో తిరిగి వచ్చెను.

2022 ఏప్రిల్ 22, శుక్రవారము. సాయంకాలము ఆరున్నర దాటిన తరువాత ఆట. బార్సిలోనా స్త్రీల జట్టునకును, జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ స్త్రీల జట్టునకును పోటీ. ఐరోపాఖండమున గొప్ప జట్లు తలపడు పోటీలో అది ఉపాంత్య ఘట్టము. మేము మెట్రోరైలు ఎక్కితిమి. రైలునిండ నీలము, ఎరుపు చారలే. చంకబిడ్డలతో తల్లులు, మనుమరాండ్రను చేతబట్టుకొన్న తాతలు, ముఖములకు రంగులు పూసికొన్న బాలికలు - మన యూరి తిరునాళ్ళకు పోవు బండినే ఎక్కితినా యని నాకు భ్రమ కలిగెను.

దారిలో నా కుమారుడు ఆ క్లబ్బు చరిత్ర చెప్పెను. 1899 అక్టోబరులో హాన్స్ గాంపెర్ అను ఇరువదియొక్క ఏండ్ల యువకుడు, ఫుట్‌బాలు ఆడుటకు తోడు కావలెనని ఒక క్రీడాపత్రికలో ప్రకటన వేయించెను. అతడు ఆ యూరివాడు కాడు. స్విట్జర్లాండునుండి వచ్చిన పరదేశి. ప్రకటన చూచి కొందరు స్విస్సులు, కొందరు ఆంగ్లేయులు, కొందరు స్థానికులు వచ్చిరి. నవంబరు 29న క్లబ్బు వెలసెను. గాంపెర్ ఆ ప్రాంతపు భాషయైన కాటలాన్ నేర్చి, తన పేరును సైతము ఆ భాషకు తగినట్లు జొవాన్ అని మార్చుకొనెను. "నేడు ఊరంతయు మాది మాది యని చెప్పుకొను క్లబ్బును స్థాపించినవాడు పరాయి యూరివాడే, నాన్నా!" అని నా కుమారుడు నవ్వెను.

అభిమానులకు గల పేరు వినిన నాకు నవ్వును సిగ్గును ఒక్కమారు కలిగినవి. 1909లో ఆ క్లబ్బువారు ఒక చిన్న మైదానమును ఏర్పరచుకొనిరి. అందు ఆరువేలమందికి మించి చోటు లేదు. చోటు చాలనివారు ప్రహరీగోడనెక్కి వరుసగా కూర్చుండెడివారు. వీథిని పోవువారికి వారి ముఖములు గాక వెనుకభాగములు మాత్రమే కనబడుచుండెను. దానినిబట్టి ఊరివారు పరిహాసముగా పెట్టిన పేరు "కులే". పరిహాసము క్రమముగా బిరుదమై, నేటికిని ఆ జట్టు అభిమానులు తమ్ము తాము కులేలమని సగర్వముగ చెప్పుకొనుచున్నారు. నేను గోడమీదినుండి దింపిన పిల్లలందరును ఆ క్షణమున నా కన్నులముందు మెదలిరి.

కాంప్ నౌ అనగా కొత్త మైదానము. 1957 సెప్టెంబరు 24న అది ప్రారంభమయ్యెను. మెట్లెక్కి లోపలికి అడుగిడగనే నాకు తల తిరిగినట్లయ్యెను. నలుదిక్కుల మనుష్యులే కొండలవలె లేచియున్నారు. ఆనాడు వచ్చినవారు 91,648 మంది. స్త్రీలు ఆడిన ఫుట్‌బాలు ఆటను అంతమంది చూచుట లోకమున అదే మొదలని మరునాడు పత్రికలు వ్రాసినవి.

ఆట మొదలగుటకు ముందు క్లబ్బు గీతము పాడిరి. అది 1974లో, క్లబ్బునకు డెబ్బదియైదేండ్లు నిండిన సందర్భమున, కాటలాన్ భాషలో రచింపబడినది. తొంబదివేల కంఠములు ఒక్కటైనవి. మాటలు నాకొక్కటియు తెలియవు. ప్రక్కకు చూచితిని. నా మనుమడు కన్నులు మూసికొని, గుండెపై చేయి వేసికొని, ఒక్క అక్షరమైనను తప్పక పాడుచుండెను. అచ్చులు దిద్దుటకు ముఖము ముడిచినవాడు వీడేనా? నాకు ముందు బాధ కలిగెను. పరభాష వీనిని పూర్తిగా ఎత్తుకొనిపోయెనని అనుకొంటిని.

మూడవ నిమిషముననే ఐతానా బొన్మతి బంతిని వలలో వేసెను. ఆ కేక ఇట్టిదని వ్రాయజాలను. నా కాలిక్రింది సిమెంటు కదలినట్లు తోచెను. నా ప్రక్కన డెబ్బది ఏండ్ల వృద్ధురాలొకతె కూర్చుండియుండెను. ఆమె లేచి, పరిచయము లేని నా రెండు చేతులును పట్టుకొని ఊపుచు "అవీ! అవీ!" అనెను. నాకు తెల్లబోయినట్లయ్యెను. మనుమడు నా చెవిలో, "తాతా! అవీ అనగా తాత" అని చెప్పెను. మా సీమలో అవ్వ యనగా నాయనమ్మ, అమ్మమ్మ. వారి నోట అవి యనగా తాత. రెండు భాషలకును చుట్టరికము లేదని పండితుడనగుటచే ఎరుగుదును. అయినను ఆ మాట వినుటతో నేను కూర్చున్న బల్ల పరాయిది కాదనిపించెను.

విరామ సమయమునకు బార్సిలోనావారికి నాలుగు గోల్సు వచ్చినవి. ఎదుటివారికి ఒక్కటియు లేదు. అందరును తినుబండారములు విప్పిరి. వృద్ధురాలు మాకు రొట్టెలో సగము విరిచి యిచ్చెను. మేము తెచ్చుకొన్న చక్కిలములు ఆమెకిచ్చితిమి. మనుమడు దుబాసియై ఆమె మాటలు నాకును, నా మాటలు ఆమెకును చేరవేయుచుండెను. తెలుగు మాట తట్టనప్పుడు తండ్రినడిగి తెలిసికొనుచు ఆమె కథను ఇట్లు చెప్పెను.

1936 మొదలు 1939 వరకు స్పెయినులో అంతర్యుద్ధము జరిగెను. ఆ క్లబ్బు అధ్యక్షుడు జొసెప్ సున్యోల్‌ను యుద్ధారంభమున ఫ్రాంకో సైనికులు కాల్చిచంపిరి. యుద్ధమున గెలిచిన ఫ్రాంకో 1975లో మరణించువరకు దేశమును ఏలెను. అతని కాలమున కాటలాన్ భాషను పాఠశాలలనుండియు, ప్రభుత్వ కార్యాలయములనుండియు వెలివేసిరి. క్లబ్బు పేరును సైతము స్పానిష్ పద్ధతికి మార్పించిరి. ఈమె బాల్యమున బడిలో తన మాతృభాష చదువలేదు, వ్రాయలేదు. "కాని ఆదివారమునాడు మా తండ్రి నన్ను ఇచ్చటికి తెచ్చెడివాడు. ఇంతమంది నడుమ ఎవరు ఏ భాషలో అరచిరో ఎవరు పట్టుకొనగలరు? ఇచ్చట మేము మా భాషలో గొంతెత్తి అరచెడివారము" అని ఆమె చెప్పెను.

నేను నిర్ఘాంతపోయితిని. అరచినంతమాత్రమున బంతి కదలునా యని నేను పిల్లలనడిగితిని. బంతి కదలకపోవచ్చును, కాని ఆ అరపులలో ఒక భాష ముప్పదియైదేండ్లకు పైగా ఊపిరి నిలుపుకొనెను! ఇండ్లలోను, పాటలలోను, రహస్యముగ అచ్చుపడిన పుస్తకములలోను బ్రదికినట్లే అది ఈ మెట్లపైనను బ్రదికెను.

ఆమె మరియొక సంగతి చెప్పెను. 1970 డిసెంబరు 25న ఇదే మైదానమున మొదటిసారిగా ఆ యూరి స్త్రీలు ఫుట్‌బాలు ఆడిరి. ఆడెదమని పట్టుబట్టి క్లబ్బు అధ్యక్షుని ఒప్పించినది ఇమ్మకులాదా కబెసెరన్ అను యువతి. క్లబ్బు పేరు పెట్టుకొనుటకు వారికి వీలు లేకుండెను. నగరము పేరుతో ఆడిరి. ఆనాడు ఈమె పదునెనిమిదేండ్ల పిల్ల. ఈ మెట్లపైననే కూర్చుండి చూచినది. "నాడు స్త్రీలకు ఫుట్‌బాలు ఏల యని నవ్వినవారు కలరు. నేడు చూడుము" అని చుట్టును చేయి త్రిప్పి చూపెను. ఆమె కన్నులు చెమ్మగిల్లెను.

"మీరే దేశమువారు?" అని ఆమె నన్నడిగెను. భారతదేశమంటిని. "ఏ యూరు?" అనెను. హిందూపురమన్నచో ఆమెకేమి తెలియును? మా ప్రాంతమునకు చిరకాలము జిల్లాకేంద్రమైన యూరు పేరు చెప్పితిని: "అనంతపురము." ఆమె చటుక్కున లేచి, "అనంతపూర్! విన్సెంట్ ఫెర్రర్!" అని కేకవేసెను.

విన్సెంట్ ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో పుట్టినవాడు. 1952లో క్రైస్తవ సన్న్యాసిగా బొంబాయి చేరి, మన్మాడు ప్రాంతమున రైతులకొఱకు బావులు త్రవ్వించెను. 1968లో దేశము విడిచి పోవలసివచ్చెను. మరల 1969లో తిరిగి వచ్చి, కరవుసీమయైన అనంతపురమును ఎన్నుకొని స్థిరపడెను. సన్న్యాసము విడిచి ఆన్ పెర్రీని వివాహమాడి, ఆమెతో కలసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నడిపెను. ఇండ్లు, బడులు, చెరువులు, ధర్మవరమునకు సమీపముననున్న బత్తలపల్లిలో ఆసుపత్రి - ఇట్లు ఎన్నియో పనులు ఆ సంస్థ చేసినది. అనంతపురమున క్రీడాగ్రామమును నెలకొల్పి, పల్లెటూరి బాలికలకును ఫుట్‌బాలు నేర్పినది. 2009 జూన్ 19న ఆయన అనంతపురముననే కన్నుమూసెను. ఈ పనులకు వలయు ధనములో పెద్దభాగము స్పెయినులోని సామాన్య గృహస్థులు నెలనెలకు పంపిన చిన్నచిన్న మొత్తములే. ఈ వృద్ధురాలు అట్టివారిలో నొకతె. మా సీమలో ఒక పల్లెపిల్ల చదువునకై ఆమె ఎన్నో ఏండ్లు సొమ్ము పంపెనట. ఆ పిల్ల పంపిన బొమ్మలు ఇంకను తన యింటిగోడకు ఉన్నవని చెప్పెను.

నేను పరదేశిననుకొని ఒక మూల ఒదిగి కూర్చుంటిని. నా సీమ బిడ్డను చదివించిన చేయి నా ప్రక్కననే ఉండెను. నాకు మాట రాలేదు. చేతులు జోడించితిని.

ఆట తిరిగి మొదలయ్యెను. వోల్ఫ్స్‌బర్గ్ వారు ఒక గోలు చేసిరి. మావాడు మూతి ముడిచెను. వృద్ధురాలు మాత్రము మెల్లగా చప్పట్లు కొట్టి, "మంచి బంతి ఎవరు కొట్టినను మంచిదే" అనెను. తుదకు బార్సిలోనా ఐదింటికి ఒకటిగా గెలిచెను.

అభిమానమంతయు ఇట్లు తీయగనే యుండునని మీరనుకొనరాదు. 2000లో లూయిస్ ఫిగో అను ప్రసిద్ధుడగు ఆటగాడు బార్సిలోనాను విడిచి, దాని బద్ధవిరోధియైన మాడ్రిడ్ జట్టులో చేరెను. 2002 నవంబరులో అతడు ఆ జట్టు తరఫున ఇదే మైదానమునకు ఆడవచ్చినపుడు ప్రేక్షకులు అతనిపై చేతికి దొరకినదెల్ల విసరిరి. ఒకరు పందితలను సైతము విసరిరి. ఆట కొంతసేపు ఆగిపోయెను. ఆ సంగతి కుమారుడు చెప్పగా విని నేను నొచ్చుకొంటిని. తన భాషకై, తన యూరికై లేచిన గొంతే ఎదుటివానిని అవమానించుటకును లేవగలదు. నిప్పు అన్నమును వండును, ఇంటిని కాల్చును. భేదము పట్టుకొనువానియందున్నది.

ఇంటికి తిరిగివచ్చు దారిలో మనుమడు నా చేయి పట్టుకొని, "తాతా! మా పాటలో జెండాను గురించి ఉన్నది, కేకను గురించి ఉన్నది. ఆ పాటనంతయు తెలుగులో ఎట్లు చెప్పుదురు?" అని అడిగెను. నలువది ఏండ్లలో ఏ విద్యార్థి అడిగిన ప్రశ్నయు నాకంత తీయగ వినబడలేదు. ఆ రాత్రి భోజనమైన తరువాత ఇద్దరము కూర్చుండి ఆ పాటను తెనిగించితిమి. వాడు అర్థము చెప్పెను. నేను మాట కూర్చితిని. నేను చెప్పినదానిని వాడు తెలుగు లిపిలో వ్రాయబూనెను. గుణింతము చాలక మధ్యలో ఆగిపోయెను. "మిగిలినది నేర్పుము" అనెను. పెద్దబాలశిక్షను ఈసారి వాడే తెచ్చెను. ఆ రంగుల అంగీ వాని ఒంటిమీదనే ఉండెను.

మరునాడు ఏప్రిల్ 23. అది కాటలోనియాలో సెయింట్ జార్జి పండుగ. ఆనాడు ఒకరికొకరు గులాబిపువ్వును, పుస్తకమును ఇచ్చుకొందురు. వీథులన్నియు పుస్తకముల అంగళ్ళే. మధ్య మధ్య వాన కురిసినను జనము తరుగలేదు. ఆటలో గొంతు బొంగురుపోయిన ఊరే తెల్లవారి పుస్తకములు కొనుచుండుట చూచి, ఆటకును చదువునకును శత్రుత్వము కల్పించినవాడను నేనే గదా యని సిగ్గుపడితిని. మనుమనికొక బొమ్మల పుస్తకము కొనియిచ్చితిని. వాడు నాకొక గులాబి ఇచ్చెను.

మే 21న ఇటలీలోని ట్యూరిన్ నగరమున తుదిపోటీ జరిగెను. ఫ్రాన్సుదేశపు లియోన్ జట్టుచేత బార్సిలోనా ఒకటికి మూడుగా ఓడెను. మనుమడు వెక్కివెక్కి ఏడ్చెను. మరునాడు మాత్రము అదే అంగీ తొడిగికొని వీథిలో ఆటకు పోయెను. గెలిచిన దినమున అంగీ తొడుగుట సులభము. ఓడిన మరునాడు తొడుగుటయే అభిమానము.

స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట ఒకనాడు పనిమీద పెనుకొండకు పోయితిని. అచ్చటికి సమీపమున దక్షిణ కొరియావారి కార్ల కర్మాగారము 2019 నుండి కార్లను తయారుచేయుచున్నది. ఉద్యోగులై వచ్చిన కొరియనులు ఆ ప్రాంతమున నివసించుచున్నారు. కొరియా లిపిలో వ్రాసిన పలకలును అంగళ్ళపై కానవచ్చును. సాయంకాలమున బడిమైదానములో పిల్లలు వాలీబాలు ఆడుచుండిరి. గోడమీద ఎప్పటివలె వరుస తీరియుండెను. గోడకావల, దారిప్రక్కన, కొరియా దేశస్థుడొకడు ఒంటరిగ నిలుచుండి, మునివ్రేళ్ళపై లేచి ఆట చూచుచుండెను. పిల్లలు అతనిని చూచి గుసగుసలాడి నవ్వుకొనుచుండిరి.

వారిలో ఒకడు నన్ను గుర్తుపట్టి, "పెద్దయ్యవారు!" అని గోడ దిగబోయెను. "దిగవలదు. కొంచెము జరుగుడు" అంటిని. పిల్లలు వింతగ చూచుచు జరిగిరి. ఆ కొరియా దేశస్థుని చేసన్నతో పిలిచితిని. అతడు సంకోచించుచు వచ్చి గోడనెక్కెను. బంతి వల దాటగనే పిల్లలు "భళా!" అని అరచిరి. ఆ మాట యేమని అతడు కన్నులతో అడిగెను. చిన్నవాడొకడు రెండుమారులు పలికి చూపెను. మరల బంతి దాటినపుడు అతడును "బలా!" అని అరచెను. పిల్లలు గొల్లుమనిరి, ఆ నవ్వులో వెక్కిరింత లేదు.

ఇంకను ఒకరికి చోటుండెను. చుట్టును చూచి, పంచె సవరించుకొని, నేనును గోడనెక్కి కూర్చుంటిని.

ప్రశ్నలు

1. "అరచినంతమాత్రమున బంతి కదలునా?" అను తన ప్రశ్నకు రచయితకు ఎట్టి సమాధానము దొరకెను?
2. "కులే" అను పేరు ఎట్లు వచ్చినది? ఆ పేరునకును ఈ పాఠమునకు పెట్టిన పేరునకును గల సంబంధమేమి?
3. అనంతపురము పేరు వినగనే వృద్ధురాలు ఏల ఉత్సాహము చూపెను?
4. జొవాన్ గాంపెర్, విన్సెంట్ ఫెర్రర్ - ఈ యిరువురి జీవితములలోని పోలికను వ్రాయుడు.
5. మీ యూరికి వచ్చిన పరదేశి ఒకనికి మీరు ఏ ఆటను, ఏ ఉత్సవమును చూపుదురు? అతనికి నేర్పు మొదటి తెలుగు మాట ఏది? ఏల?